ఫొటో అడుగున మరక

ఇంట్లో ఆమెను అందరూ తొందరమ్మ అనేవారు. పుట్టడం కూడా నెల ముందే పుట్టింది. "అప్పుడు మొదలైన పరుగు, ఇప్పటిదాకా ఆగలేదు" అని మేనత్త నవ్వేది. పళ్ళ డాక్టరు గారి దగ్గర పేషెంట్లను వరసగా లోపలికి పంపే ఉద్యోగం ఆమెది. ఒకరు కుర్చీలోంచి లేవకముందే రెండో మనిషిని లోపలికి తోసేది. అలాంటి మనిషి ముప్పై దాటాక కంప్యూటర్ మీద బొమ్మలు నేర్చుకుంటానని సాయంత్రం క్లాసులో చేరిందంటే ఎవరు నమ్ముతారు? అన్నయ్య పడీ పడీ నవ్వాడు. అక్క, "బొమ్మకి తల వేశాక కాళ్ళు వేసే ఓపికుంటుందా నీకు?" అంది.

ఈసారి నవ్వనిది వాళ్ళు అత్తయ్య అని పిలిచే ఆ మేనత్త ఒక్కతే. "వాళ్ళ మాటలకేంలే అమ్మడూ, నేర్చుకో. చెయ్యి తిరిగేదాకా ఎవరి గీతైనా వంకరే" అంది.

క్లాసు సైకిళ్ళ దుకాణం పైన ఒక పొడుగాటి గదిలో జరిగేది. కింద రిమ్ము మీద సుత్తి పడినప్పుడల్లా పైన బల్లలు అదిరేవి, గీసేవాళ్ళ గీతలు కూడా అదిరేవి. పాఠం చెప్పేది పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఒకావిడ. మాట తక్కువ, చూపు ఎక్కువ. అందరూ టీచర్ అనే పిలిచేవారు. మొదటి రోజే ఆవిడ ఒక మాట గట్టిగా చెప్పింది.

"అసలు ఫైలును ముట్టుకోకండి. ముందు కాపీ తీసుకోండి. ఆ కాపీ మీద ఇంకో లేయర్ పరుచుకోండి. లేయరంటే గాజు పలక అనుకోండి. మీ వేషాలన్నీ పలక మీదే వెయ్యండి, కింద ఉన్న బొమ్మ జోలికి పోవద్దు."

తొందరమ్మ ఈ మాటను శ్రద్ధగా రాసుకుంది. రాసుకున్నాక ఇక గుర్తుపెట్టుకోవడం దేనికని మరిచిపోయింది.

ఆమె మనసు దోచుకున్నది కంప్యూటర్‌లో మచ్చలు తుడిచే బ్రష్. పాత ఫొటో మీద గీత పడినా, బూజు పట్టినా, దానితో అలా రుద్దితే చాలు, చుట్టుపక్కల రంగు తెచ్చి అతుకు తెలియకుండా కప్పేస్తుంది. తొందరగల వాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టారనిపించింది ఆమెకి. అందుకే టీచర్ చివరి పనిగా, "మీ ఇంట్లో ఒక మనిషి గురించి బొమ్మల పుస్తకం చెయ్యండి" అనగానే ఆమె ఆలోచించనైనా లేదు. అత్తయ్య గురించి, అత్తయ్య తీసిన పాత ఫొటోలతో చేస్తానంది.

అమ్మ పోయేనాటికి ముగ్గురూ చిన్నపిల్లలు. నాన్న లారీ నడిపేవాడు, ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు. అత్తయ్య తన పెట్టె సర్దుకుని వచ్చి ఈ ముగ్గురి మధ్యా ఉండిపోయింది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు బిగించే పని చేస్తూ వాళ్ళను చదివించింది. దుకాణం యజమాని కొత్తది కొనుక్కుని పాత కెమెరా ఆమెకిచ్చాడు. ఫిల్ము డబ్బా మీద ఒక బొమ్మ ఉండేదట, సూర్యుడు ఫొటో తీసేవాళ్ళ వీపు వెనక ఉండాలని. అత్తయ్యకు వచ్చిన ఫొటోగ్రఫీ అంతా అదే. అందుకే ఆల్బంలో ముగ్గురు పిల్లలూ ఎండకి కళ్ళు చికిలించుకునే ఉంటారు. ఏటి ఒడ్డున, బడి మైదానంలో, అద్దె ఇళ్ళ మేడల మీద. ప్రతి ఫొటో అడుగునా ఏదో నల్లటి మరక.

తొందరమ్మ ఆల్బం మొత్తం స్కాన్ చేసింది. బూజు తుడిచింది. చిరుగులు అతికింది. ఊపు మీద ఉంది కదా, అడుగున ఉన్న మరకనూ తుడిచేసింది. మరక ఉన్న చోట గడ్డి మొలిచింది, ఇసుక పరుచుకుంది. ఒక్కో ఫొటో అవగానే సేవ్ కొట్టింది, అదే ఫైలు మీద. కాపీ లేదు, గాజు పలకా లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అదే సమయంలో అన్నయ్య ఇల్లు మారాడు. అతని ఇంట్లో ఉన్న ఆల్బం అట్టలు పురుగు పట్టి పొడి రాలుతున్నాయి. నెగెటివులు ఏనాడో పోయాయి. "స్కాన్ చేశావుగా, ఇంకా ఈ పురుగుల పుట్ట దేనికి? పారేయనా?" అని ఫోన్ చేశాడు. "పారేయ్ అన్నయ్యా" అంది. అంటున్నప్పుడు ఇంకో చేత్తో ఇంకో మరక తుడుస్తోంది.

ఆదివారం పుస్తకం నమూనా అచ్చు వేయించి పట్టుకెళ్ళింది. అత్తయ్య చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు మార్చుకుని, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది.

"అబ్బో! ఎంత తెల్లగా వచ్చాయే! మీ అన్నయ్య బొత్తాం ఊడిన చొక్కా చూడు. కుట్టుకోమంటే వినేవాడా?"

పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. బొటనవేలితో ఫొటో అడుగున రుద్ది చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పి అక్కడా రుద్ది చూసింది.

"ఇక్కడ నేనుండేదాన్ని కదే" అంది.

"ఎక్కడత్తయ్యా?"

"ఇదిగో, మీ కాళ్ళ దగ్గర. నా నీడ."

తొందరమ్మ పుస్తకం మీదికి వంగి చూసింది. అత్తయ్య మాత్రం ఏదో సరదా సంగతి చెబుతున్నట్టు నవ్వింది.

"కెమెరా నా చేతిలో ఉంటే నన్నెవరు తీస్తారు? ఫొటోలు కడిగే అతను ప్రతిసారీ గొణిగేవాడు. కాస్త పక్కకి జరిగి తీయండమ్మా, మీ నీడ పడి ఫొటో పాడవుతోంది అని. సరే సరే అనేదాన్ని, మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడేదాన్ని. మీరు పెద్దయ్యాక చూసుకుంటే, నేనూ అక్కడే ఉన్నానని తెలియాలిగా." పుస్తకం మూసి, అట్టను చేత్తో నిమిరింది. "పోనీలే. మరకనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు. పిల్లలు మాత్రం ఎంత చక్కగా ఉన్నారో!"

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది తొందరమ్మకి. మూడు బతుకులు నిలబెట్టిన మనిషి తనకోసం అట్టిపెట్టుకున్నది ఆ కాస్త చోటు. దాన్ని తాను మచ్చలు తుడిచే బ్రష్‌తో తుడిచిపారేసింది.

మర్నాడు క్లాసులో టీచర్‌కు జరిగింది చెప్పి, తల దించుకుని నిలబడింది.

"కాపీ ఉందా?" అంది టీచర్.

తొందరమ్మ తల అడ్డంగా ఊపింది.

"కాగితం ఫొటోలు?"

"పారేయమన్నాను టీచర్. నేనే అన్నాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని ఆవిడ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోల్డర్ తెరిచి, ఒక్కో ఫొటో నిదానంగా చూసుకుంటూ పోయింది. ఏటి ఒడ్డున తీసిన ఒక ఫొటో దగ్గర ఆగింది.

"ఇదేంటి, దీన్ని తుడవలేదే?"

"అది చేతకాలేదు టీచర్. మరక మా కాళ్ళ మీదికి పాకింది. రుద్దితే అన్నయ్యకి మూడో మోకాలు వచ్చింది. విసుగొచ్చి సేవ్ చేయకుండా మూసేశాను, పుస్తకంలోనూ పెట్టలేదు."

టీచర్ గట్టిగా నవ్వడం క్లాసులో ఎవరూ అంతకుముందు వినలేదు. "నీ చేతకానితనానికి ఒక దండం పెట్టుకో. ఇదిగో మీ అత్తయ్య" అంది.

ఇద్దరూ దగ్గరికి జరిగి చూశారు. పక్కలకు పొడుచుకొచ్చిన రెండు మోచేతులు. కెమెరా వైపు కాస్త ఒరిగిన తల. భుజం మీంచి వేలాడుతున్న సంచి. ముగ్గురు పిల్లల కాళ్ళనూ ఒకేసారి తాకుతూ పడిన నీడ. దాన్ని ఇన్నాళ్ళూ మరకని ఎలా అనుకుందో తొందరమ్మకు అర్థం కాలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఏడుపు తర్వాత. కంప్యూటర్ పెన్ను తీసుకో" అంది టీచర్.

మొదటి నీడను నల్లరంగుతో గీసింది. ఇంకో ఏటి ఒడ్డు ఫొటో మీద ఎవరో తారు ఒలకబోసినట్టు వచ్చింది. టీచర్ తల అడ్డంగా ఊపింది. "నీడ నలుపని ఎవరు చెప్పారు నీకు? గడ్డి మీద పడితే గడ్డి కనపడాలి, ఇసుక మీద పడితే ఇసుక కనపడాలి. కాస్త ముదురుతుంది, అంతే. నీడ దేన్నీ దాచదు." లేయర్‌ను కింది రంగుతో కలిపే పద్ధతి చూపించింది. పిల్లల నీడలు ఎటు పడ్డాయో చూసి, అత్తయ్య నీడనూ అటే సాగదీయమంది. తల దూరంగా పడుతుంది కాబట్టి అక్కడ అంచు మెత్తగా ఉంచమంది.

ఇది తొందరపడితే అయ్యే పని కాదు. ఒక్కో ఫొటోలో ఎండ ఎటుందో చూడాలి, పొద్దున్నా సాయంత్రమా తేల్చాలి. తేలకపోతే అత్తయ్యకే ఫోన్ చేసేది, ఎందుకో చెప్పకుండా.

"అత్తయ్యా, బడి మైదానంలో ఫొటో తీసినప్పుడు నువ్వు నిలబడ్డావా?"

"నిలబడితే మీ నడినెత్తి తప్ప ఏముంటుందే ఫొటోలో? మోకాళ్ళ మీద కూర్చున్నాను. బట్టలన్నీ మట్టి."

"ఏటి ఒడ్డున భుజానికి ఆ సంచేంటి?"

"నా భోజనం. దుకాణం నుంచి నేరుగా వచ్చాగా. మీరు నీళ్ళలోంచి బయటికొస్తే కదా నేను తినేది!"

తొందరమ్మ మోకాళ్ళ మీద ఉన్న నీడను పొట్టిగా గీసింది. తినని అన్నం సంచిని నీడకు తగిలించింది. ఆ ఎండ, ఆ మట్టి, ఆ ఆకలి ఏవీ చిన్నప్పుడు తమకు తెలియనివ్వలేదు ఆవిడ. ఒక్కో నీడ గీస్తుంటే తాను ఎవరి చేతుల్లో పెరిగిందో ఆమెకు తెలిసొచ్చింది, ఇలాంటి చేతులు దొరకడం ఎంత అదృష్టమో కూడా తెలిసింది. తాను చెరిపేశాకే ఇదంతా తెలిసింది కదా అని సిగ్గుపడింది. ఇప్పుడు ప్రతి ఫైలుకూ కాపీ ఉంది, ప్రతి గీతా వేరే పలక మీద ఉంది. తుడవలేకపోయిన ఆ ఒక్క ఫొటోను మాత్రం 'ముట్టుకోవద్దు' అని పేరు పెట్టి విడిగా దాచింది.

పుస్తకం అచ్చయ్యాక అన్నయ్యనూ అక్కనూ వెంటబెట్టుకుని వెళ్ళింది. అత్తయ్య మళ్ళీ కిటికీ దగ్గరే కూర్చుంది. మొదటి పేజీ తీయగానే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"వచ్చేశాను" అంది చివరికి. అని కళ్ళు తుడుచుకుని, వెంటనే వంకలు పెట్టడం మొదలుపెట్టింది. "నాకింత మెడ ఎక్కడిదే? సంచి ఈ భుజానికి కాదు, ఆ భుజానికి. ఈ మేడ మీద ఫొటో చూడు, నేనేనా అంత సన్నంగా ఉన్నది? ఉండనీ, దీన్ని మాత్రం మార్చకు."

చివరి పేజీ తెల్లగా ఉంది. "ఇదేంటి, ఇక్కడ అచ్చు పడలేదా?" అంది.

"అది ఇంకా తీయలేదత్తయ్యా. బయటికి రా."

ఇంటి ముందు ఖాళీ స్థలంలో సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. అత్తయ్యను మధ్యలో నిలబెట్టి, చెరోపక్కా అక్కనూ అన్నయ్యనూ నిలబెట్టింది. తాను కెమెరా పట్టుకుని, సూర్యుడికి వీపు పెట్టి నిలబడింది. అత్తయ్య కళ్ళు చికిలించింది. కెమెరాకు అటువైపు నిలబడడం ఆవిడకు బొత్తిగా అలవాటు లేదు.

"ఏమే, తొందరపడకు. పక్కకి జరుగు, నీ నీడ ఫొటోలో పడుతోంది" అంది.

"తెలుసత్తయ్యా" అని తొందరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నేల మీద ఆమె నీడ పొడుగ్గా సాగింది. తల నీడ అత్తయ్య పాదాలను తాకేదాకా చూసుకుని, అప్పుడు నొక్కింది.