రెండు పెట్టెల చిట్కా

పదేళ్లుగా పత్రికలో ప్రయాణాల చిట్కాలు రాస్తోంది కాబట్టి ఆఫీసులో అందరూ ఆమెను చిట్కాలమ్మ అనేవారు. ఏదైనా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేది. వాటిలో బాగా పేరొచ్చింది ఒకటే. ఇద్దరు ప్రయాణం చేస్తుంటే ఇద్దరి బట్టలూ సగం సగం రెండు పెట్టెల్లోనూ సర్దాలి. ఒక పెట్టె పోయినా ఇద్దరికీ కట్టుకోవడానికి బట్టలుంటాయి.

"అయితే దారిలో దెబ్బలాడుకున్నా ఎవరి దారి వాళ్లం చూసుకోలేమన్నమాట!" అని ఆమె భర్త ఎగతాళి చేసేవాడు.

ఆయన పోయిన మూడో నెలలో ఆఫీసు పనిమీద ఆమె ఒక్కతే వేరే ఊరెళ్లింది. హోటల్ గదిలో పెట్టె తెరిస్తే తన బట్టలు సగమే ఉన్నాయి. మిగతా చోటంతా ఆయన చొక్కాలు. చేతులు అలవాటు కొద్దీ రెండు పెట్టెల్లోనూ సర్దేశాయి. రెండో పెట్టె ఇంట్లో మంచం మీదే ఉండిపోయింది.

ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు.

చెల్లెలు ఫోన్ చేసింది. "చేరావా అక్కా? ఏమీ మర్చిపోలేదు కదా?"

"లోకానికంతా చెప్పేదాన్ని, నేను మర్చిపోతానటే?" అని కసిరి ఫోన్ పెట్టేసింది.

చొక్కాలు బాగా నలిగాయి. దానికీ ఆమె దగ్గర చిట్కా ఉంది. వాటిని స్నానాలగదిలో వరసగా తగిలించి, వేడినీళ్ల పంపు తిప్పి, తలుపు మూసి బయట కూర్చుంది. ఆవిరికి ముడతలు పోవడానికి పావుగంట చాలని తనే రాసింది.

గంట దాటినా లేచి పంపు కట్టలేదు.