తల్లిగుల్లల రంగు

టీ గిన్నె కడుగుతుంటే ముందుగదిలోంచి, ముత్యాలు కొనడానికొచ్చిన వ్యాపారితో మాట్లాడుతున్న మొగుడి గొంతు వినపడింది.

"రంగు వేసింది కాదండీ, పుట్టురంగు. మా నాన్న చేతి చలవ. మా వంశంలోనే ఉంది."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

మామగారి చలవా? ఆయన ఉన్న రోజుల్లో సముద్రంలో పెంచే ఈ ముత్యపు గుల్లల్లో అన్నీ తెల్లముత్యాలే. గుల్ల లోపలి అంచు పసుపుగా ఉన్నవాటిని ఒక్కొక్కటే తెరిచి చూసి, ఏరి, వాటికే పిల్లల్ని పుట్టించి, ఆ పిల్లల్లో మళ్ళీ ఏరి, బంగారు రంగు నిలబెట్టింది ఆమె. అంచు పదునుకి వేళ్ళు తెగేవి. తెగిన వేళ్ళతోనే వచ్చి వంట చేసేది. జీతం మాటెత్తితే "ఇంట్లో మనిషికి జీతమేంటి, నలుగురూ నవ్విపోతారు" అన్నాడు మొగుడు. ముత్యానికి రంగు ఎక్కాలంటే పసుపు గుల్లలోంచి కండముక్క కోసి, ఇంకో గుల్లలో, ముత్యానికి విత్తనమయ్యే పూసతోపాటు పెట్టాలి. ముక్క ఇచ్చిన గుల్ల చచ్చిపోతుంది. అందుకే మేలైనవాటిని కోతకి పోకుండా తల్లులుగా దాచేది. ఆమె పురిటికి వెళ్ళిన ఏడు అతను ఆశకొద్దీ చేతికందిన తల్లులన్నిటినీ కోయించేశాడు. తర్వాతి పిల్లలు పాలిపోయి పుట్టాయి. "నువ్వెళ్ళి పుట్టింట్లో కూర్చుంటే ఇక్కడ రంగెలా నిలుస్తుందే?" అంది అత్తగారు. చంటిపిల్లని ఎత్తుకుని చూసి, "మావాడు పచ్చగా ఉంటాడు. దీనికి తల్లి నలుపే వచ్చింది" అని కూడా అంది. గుల్ల రంగు పోతే ఈమె తప్పు. పిల్ల నల్లగా పుడితే ఈమె తప్పు. ముత్యం మెరిస్తే మాత్రం వంశం! మిగిలిన నాలుగు గుల్లల నుంచి ఆ రంగు మళ్ళీ తెచ్చేసరికి పిల్ల బడికెళ్ళే వయసుకొచ్చింది.

మొగుడు వంటింట్లోకి తొంగి చూశాడు.

"ఏమేవ్, ఆయన రెట్టింపు సరుకు కావాలంటున్నాడు. నువ్వు దాచినవన్నీ రేపు కోతకి ఇచ్చెయ్."

"అవి తల్లులు."

"గుల్లలకి తల్లులేంటే పిచ్చిమొహమా! పెద్ద పురుడు పోసినట్టు. ముందు టీ పట్టుకురా."

పట్టుకెళ్ళింది. వ్యాపారి కప్పు అందుకుంటూ మొగుణ్ణి అడిగాడు.

"వచ్చే పంటలకీ ఇదే రంగు వస్తుందా?"

"ఢోకా లేదండీ. నాదీ పూచీ."

"రాదండీ" అంది ఆమె.

ఇద్దరూ తలెత్తారు. లోపల్నుంచి అత్తగారు "మగవాళ్ళ మాటల్లో నీకేం పనే?" అని అరిచింది. ఆమె అటు తిరగలేదు.

"తల్లుల్ని బతకనిస్తే వస్తుంది. ఈయన రేపు కోసేద్దామంటున్నారు. సముద్రంలో అవి ఏ తాడుకి వేలాడుతున్నాయో నాకొక్కదానికే తెలుసు" అంది, మొగుడి మొహంలోకి చూస్తూ. "చెప్పను."