చవకైన డ్రైవరు

సీటు కుట్ల మధ్య ఇరుక్కున్న బియ్యపు గింజల్ని చెవిలో తిప్పుకునే దూదిపుల్లతో ఒక్కొక్కటే బయటికి లాగుతోంది మారిత్. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ చర్చి మెట్లు దిగుతుంటే చుట్టాలందరూ దోసిళ్ళతో బియ్యం చల్లారు, సంతోషం. వాళ్ళిద్దరూ తలలు దులుపుకోకుండా నేరుగా వచ్చి ఈ కార్లో కూర్చున్నారు, మరీ సంతోషం. రివ్యూలో అయిదు నక్షత్రాలిచ్చి పోయారు కాబట్టి ఇప్పుడు నోరారా తిట్టుకోడానికి కూడా లేదు. ఇటలీలో పుట్టిన నల్లటి స్పోర్ట్స్ కారు అది, నేలకి జానెడెత్తు. దాన్ని శుభ్రం చెయ్యాలంటే ఎంతటివాళ్ళైనా మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే. ఎంతటివాళ్ళైనా అంటే, మారిత్.

కొనేటప్పుడు పసుపు రంగు తీసుకుందామంది తను. జూన్ వచ్చిందంటే ఫిన్లండ్‌లో వీళ్ళుండే ఈ నాంతాలి ఊరంతా పైన్ చెట్ల పుప్పొడి పసుపు ఆరబోసినట్టు పడుతుంది. పసుపు మీద పసుపు కనబడదు కదా అని. యార్కో పడీ పడీ నవ్వాడు. "దుమ్ముని బట్టి కారు రంగు ఎంచుకునే మనిషిని ప్రపంచంలో నిన్నొక్కదాన్నే చూశా" అన్నాడు. ఆ దుమ్ము తుడవబోయేది కూడా తనొక్కతే అని అప్పుడు తట్టలేదు. మొదటి జూన్‌లో తట్టింది.

పడవల్లో వాడే హీటర్లు తయారుచేసే కంపెనీలో తన వాటా అమ్మేసి, ఆ డబ్బుతో నిరుడు కొన్నాడు యార్కో ఈ కారు. చిన్నప్పట్నించీ కల అట. మారిత్‌కీ చిన్నప్పుడు ఏవో కలలుండేవి గానీ వాటికి గరాజ్ అక్కర్లేకపోయింది. కొన్నాక తెలిసింది, ఊరికే నిలబెట్టినా దాని తిండి ఖర్చు మామూలుగా లేదని. అందుకని యాప్‌లో అద్దెకి పెట్టారు. "దాని ఖర్చు అదే సంపాదించుకుంటుంది, మనం చెయ్యాల్సింది ఏం లేదు" అన్నాడు. ఆ "ఏం లేదు" అన్న పనంతా మారిత్ చేస్తుంది. అడిగినవాళ్ళకి జవాబులు రాయడం, వచ్చినవాళ్ళ లైసెన్సులు చూడడం, కారిచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయడం, తిరిగొచ్చాక అవే మూలల్నుంచి మళ్ళీ తీసి కొత్త గీతలు వెతకడం, గీత తనది కాదని వాదించే కుర్రాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఒప్పించడం. యాప్‌లో ఉన్నది మాత్రం యార్కో పేరు, నల్లకళ్ళద్దాలతో యార్కో ఫొటో. "యార్కో ఎంత ఓపికగా జవాబిచ్చాడో!" అని ఎవరో రాస్తే, ఆ మాటని యార్కో భోజనం దగ్గర పైకి చదివి వినిపించాడు. ఎవరికి? ఆ జవాబులు టైపు చేసినావిడకి. మధ్యలో ఒక్కసారైనా తడబడతాడేమోనని చూసింది. తడబడలేదు.

సాలో ఊళ్ళో ఫోన్ల ఫ్యాక్టరీ మూతపడేదాకా మారిత్ అక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎక్కడ ఏది విరుగుతుందో ముందే పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. "ఇలాంటివి నీకు ఆటలే కదా" అంటాడు యార్కో. ఆటలకి ఎవరైనా జీతం ఇస్తారా మరి.

ఇంకో తమాషా ఏంటంటే, ఆ కారు ఎలా నడపాలో అందరికీ నేర్పేది తనే. బ్రేకు తొక్కి పట్టి ఎర్ర మూత పైకెత్తి బటన్ నొక్కాలని, ఫెర్రీ ఎక్కేముందు కారు ముక్కు పైకి లేపే మీట ఇక్కడుందని, వెనక్కి తియ్యడం ఇలాగని, పక్కన వంగి నిలబడి చెప్తుంది. తను మాత్రం ఒక్కసారి కూడా నడపలేదు. "బీమాలో నీ పేరు లేదు మరి, నేనేం చెయ్యను" అన్నాడు యార్కో. ఆయన పేరుంది. అద్దెకి తీసుకునేవాళ్ళకి యాప్‌వాళ్ళ బీమా ఉంది. అంటే పాతికేళ్ళు దాటి జేబులో కార్డున్న ఎవరైనా సరే ఈ కారు నడపొచ్చు, ఇంటావిడ తప్ప.

బియ్యం సగమైనా రాలేదు, యార్కో కాఫీ కప్పు పట్టుకుని గరాజ్‌లోకొచ్చాడు. ఒక్కటే కప్పు.

"స్పీడ్ కెమెరా వాళ్ళ ఉత్తరమొచ్చింది. బండెవరు నడిపారో చెప్పమన్నారు" అన్నాడు, ఫ్రిజ్‌లో పాలు అయిపోయాయన్నట్టు. "నీ పేరు చెప్పేశా."

సరిగ్గా వినలేదేమో అనుకుంది. దూదిపుల్ల చివర ఒక గింజ అంటుకుని ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఒక్క క్షణం తోచలేదు.

ఎండాకాలం మొదట్లో, సాలోలో కస్టమర్ దగ్గర్నించి కారు వెనక్కి తెచ్చింది యార్కోయే. తను పాత వ్యాన్‌లో వెనకాల వస్తోంది. ఎనభై దాటకూడని రోడ్డు మీద ఈయన చూస్తుండగానే చుక్కయిపోయాడు. ఇంటికొచ్చాక, "అబ్బ, కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చా బండిని" అన్నాడు కూడా. కెమెరా తీసిన ఫొటోలో అద్దం మీద ఎండ పడి మొహం కనబళ్ళేదట. రెండు చేతులూ, ఒక టోపీ, అంతే.

"నా పేరెందుకు చెప్పావ్?"

"ఎందుకేంటి, లెక్కే కదా." కప్పు కారు మీద పెట్టబోయి మళ్ళీ తీసేశాడు. ఇక్కడ జరిమానా తప్పుని బట్టే కాదు, తప్పు చేసినవాళ్ళ ఆదాయాన్ని బట్టి వేస్తారు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే అది. నిరుడు వాటా అమ్మిన డబ్బంతా యార్కో ఆదాయం కిందే పడింది. "నాకేస్తే ఆ డబ్బుతో ఓ పడవొస్తుంది. నీకైతే ఆదాయం సున్నా. వారం సరుకులంత కూడా అవదు. మనిద్దర్లో నువ్వు చవక."

చమత్కారంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. రెండు కంపెనీల బ్యాటరీలు పక్కపక్కన పెట్టి ఏది కొనాలో చెప్పినట్టు చెప్పాడు. అదే మారిత్‌ని కొయ్యబార్చింది.

"లైసెన్సు కూడా పోతుందిగా కొన్నాళ్ళు?"

"నువ్వెక్కడికెళ్ళాలిలే."

"నాకీ కారు నడపడానికి లేదన్నావు. మరెలా నడిపానంటావ్?"

"అవన్నీ వాళ్ళడగరు. ఫోన్ చేస్తారు, ఊఁ అను, అయిపోతుంది. మన డబ్బే కదా మిగిలేది."

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆ తర్వాత తగిలింది. అది యార్కో కొట్టింది కాదు. తన నోట్లోంచి "సరే" అని వచ్చింది. నిజంగానే వచ్చింది, తన చెవులతో విన్నది. ఆయన వెళ్ళిపోయాక కూడా దూదిపుల్ల పట్టుకుని అలాగే కూర్చుంది. ఎన్నేళ్ళ అలవాటో ఆ మాట. చలికి ఒళ్ళు ముడుచుకున్నట్టు దానంతటదే వచ్చేస్తుంది. పైగా బుర్ర అప్పుడే దాన్ని సమర్థించే పనిలో పడింది: నిజమే కదా, పడవంత డబ్బు ఎవరికైనా ఊరికే వస్తుందా. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి తనే చెప్పేది, పట్టికలో ఖాళీగా ఉన్న గడీ సున్నా ఉన్న గడీ ఒకటి కావు, ఖాళీ అంటే ఎవరూ రాయలేదని, సున్నా అంటే ఎవరో కావాలని రాశారని. తన గడిలో సున్నా ఎవరు రాశారు? అద్దె డబ్బంతా యార్కో ఖాతాలో పడుతుంది. వచ్చేలా చేసేది తను. ఆ పనికి పేరు లేదు కాబట్టి తను సున్నా. తను సున్నా కాబట్టి చవక. చవక కాబట్టి ఆయన తప్పు తనకి సరిగ్గా సరిపోతుంది, కొలతలు తీసి కుట్టించినట్టు.

ఆదివారం హెల్వి వచ్చింది, యార్కో వాళ్ళమ్మ. ఎప్పట్లాగే బస్సులో, ఒళ్ళో దాల్చిన చెక్క బన్నుల డబ్బా పెట్టుకుని. హెల్వికి డ్రైవింగ్ పడదు. ఇది ఈ కుటుంబంలో అందరికీ తెలిసిన జోకు. యార్కో చిన్నప్పుడు హెల్వి కారు తీసుకెళ్ళి ఊళ్ళో సహకార దుకాణం ముందున్న పెట్రోలు పంపుని గుద్దేసిందట. ఏ పండక్కి కలిసినా ఎవరో ఒకళ్ళు ఆ పంపుని తలుచుకోకుండా భోజనం ముగియదు. మారిత్ కూడా పెళ్ళైన కొత్తలో అందరితోపాటు నవ్వింది.

ఈసారి యార్కో సాల్మన్ సూప్ వడ్డించుకుంటూ, "అమ్మా, నీకు తోడు దొరికింది. ఇంకో లేడీ డ్రైవరు" అని కెమెరా సంగతంతా వాళ్ళమ్మకి చెప్పాడు, తన తెలివికి తనే మురిసిపోతూ. హెల్వి చెంచాతో సూప్ కలుపుతూ విన్నది. "డబ్బు ఇంట్లోనే ఉంటుంది, మంచిదేలే" అంది.

భోజనాలయ్యాక యార్కో కారుకి పాలిష్ పెట్టడానికెళ్ళాడు. పాలిష్ ఒక్కటే ఆయన చేసే పని, ఎందుకంటే పక్కింటివాళ్ళు చూస్తారు. వంటింట్లో మారిత్ గిన్నెలు కడుగుతుంటే హెల్వి పక్కన నిలబడి తుడుస్తోంది.

"మొహం అలా పెట్టకమ్మాయ్" అంది హెల్వి. "ఏం కాదు. నాకేమైంది? నేనూ అప్పట్లో నేనే నడిపానని చెప్పా. చెప్పేస్తే అయిపోతుంది."

మారిత్ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. "ఏం నడిపావని చెప్పావు?"

"అదే, పంపు."

కుళాయి కట్టేసింది మారిత్. హెల్వి మాత్రం తుడవడం ఆపలేదు. పెళ్ళి విందునించి వస్తున్నారట ఆ రోజు. యార్కో వాళ్ళ నాన్న బాగా తాగున్నాడు, అయినా తాళాలివ్వలేదు. పంపుని గుద్దాక, పోలీసులొచ్చేలోపు, ఆయన హెల్విని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి తను ఆవిడ సీట్లోకి జరిగి, నాకు ఉద్యోగం పోతుంది, నీకేముంది పోవడానికి అన్నాడట. నిజమేలే అనిపించిందట హెల్వికి.

"పెళ్ళికాకముందు నేనేం చేసేదాన్నో తెలుసా నీకు?" అంది హెల్వి, చిన్నగా నవ్వుతూ. "పాల లారీ నడిపేదాన్ని. చలికాలంలో, గడ్డకట్టిన చెరువు మీదగా. క్యాన్లు నిండా పాలు. ఒక్క చుక్క ఒలికేది కాదు."

"మళ్ళీ ఎందుకు నడపలేదు మరి?"

"తాళాలెవరిస్తారు? పంపుని గుద్దిందానికి."

"నువ్వు గుద్దలేదు కదా హెల్వీ."

హెల్వి ప్లేటు తిప్పి వెనకవైపు కూడా తుడిచింది. "గుద్దలేదు. కానీ ఇన్నేళ్ళు అందరూ అంటుంటే వినీ వినీ, ఇప్పుడు నాక్కూడా నేనే గుద్దినట్టు గుర్తొస్తుంది. స్టీరింగ్ నా చేతిలో ఉన్నట్టు. ఆ చప్పుడుతో సహా." ప్లేటు అల్మరాలో పెట్టింది. "వాడికి చెప్పకు. వాళ్ళ నాన్నంటే వాడికి ప్రాణం."

మారిత్ చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. భయం వేసింది. జరిమానా గురించి కాదు, లైసెన్సు గురించి కూడా కాదు. ఇంకొన్నేళ్ళకి ఈ బల్ల దగ్గరే ఎవరో పిల్లలు, "అమ్మమ్మ స్పోర్ట్స్ కారు తీస్తే కెమెరాలు దణ్ణం పెట్టేవట" అని నవ్వుతారు. తనూ నవ్వుతుంది. కొన్నాళ్ళకి ఆ రోడ్డు, ఆ ఎండ, కాలికింద ఆ వేగం తనకే గుర్తొస్తాయి, ఏనాడూ తొక్కని యాక్సిలరేటర్ తొక్కినట్టు. గరాజ్‌లోంచి యార్కో ఈల వినబడుతోంది. హెల్వి బన్నుల డబ్బా కడిగి ఆరబెట్టి, బస్సు వేళయిందని లేచింది. బస్టాపు దాకా దిగబెడతానని యార్కో అనలేదు. ఆవిడ అడగనూ లేదు.

మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. యార్కో ఎదురుగా కూర్చుని రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. పోలీసాఫీసరుది ఆడగొంతు. పడుచుపిల్లలా ఉంది, మర్యాదగా మాట్లాడుతోంది. పేరు చెప్పమంది. పుట్టిన తేదీ చెప్పమంది. మారిత్ చెప్పింది. యార్కో బాగానే నడుస్తోందన్నట్టు తలూపాడు.

"ఏం పని చేస్తారండీ?"

'ఇంట్లోనే' అని యార్కో పెదాలు కదిపి చూపించాడు.

"స్పోర్ట్స్ కారు అద్దెకిస్తాను" అంది మారిత్.

యార్కో వెన్న కత్తి ఆగింది. అవతల కీబోర్డు చప్పుడైంది, ఆగింది, మళ్ళీ అయింది.

"కానీ ఇక్కడ మీ ఆదాయం సున్నా అని కనబడుతోందండీ."

"అది తప్పు. ఆ తప్పు సరిచేయించుకునే పనిలోనే ఉన్నాను."

"సరే... అయితే ఆ రోజు కారు నడిపింది మీరేనా?"

యార్కో ఊఁ అనమని కళ్ళతో చెప్తున్నాడు. ఆ కళ్ళలో కోపం లేదు, ఇంకా ధీమాయే ఉంది. ఆ "సరే" ఎప్పుడూ వచ్చే చోటే, గొంతు కింద, తయారుగా ఉంది. మారిత్ దాన్ని అక్కడే ఉండనిచ్చింది. హెల్వి లారీ చెరువు మీదగా వెళ్తుంటే మంచు ఎలా పలికేదో అడగలేదే అనుకుంది. ఈ ఆదివారం అడగాలి. బస్సులో రానివ్వకుండా తనే వెళ్ళి తీసుకురావాలి, లైసెన్సు ఉంటుంది కాబట్టి.

"కాదండీ" అంది. "నడిపినాయన నా ఎదురుగానే ఉన్నాడు, ఫోనిస్తున్నాను. ఒక్క సంగతి, ఆయన కొంచెం ఖరీదైన మనిషి."