జోడిగా తెచ్చిన చేపలు

మా బిడ్డ శృతి నిజామాబాద్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదవడానికి వెళ్తూ నాకు ఒక్క చేపను అప్పగించి పోయింది. ఏంజెల్ అంటారట దాన్ని. తెల్లగా, ఒంటికంటే పొడుగు రెక్కలతో, నీళ్ళలో తీరిగ్గా తిరుగుతుంది. శృతి జడ కూడా అంతే, నడుం దాటి ఉంటుంది. దసరా సెలవులకు వచ్చేదాకా చేపకు ఏమీ కానివ్వనని నాతో ఒట్టు వేయించుకుంది. బోధన్‌లో నాది బోరు మోటార్లు బాగుచేసే షాపు. కాలిపోయిన మోటార్లనే తిప్పేవాణ్ణి, అరచేతంత చేప ఒక లెక్కా అనుకున్నాను.

ఊరుకున్నా బాగుండేది. పిల్ల లేని ఇంట్లో ఆ చేప ఒక్కతే తిరుగుతుంటే చూడలేక, తోడు తెద్దామని నిజామాబాద్ బస్సెక్కాను. చేపల దుకాణంలో నల్ల చారల టైగర్ బార్బులు హుషారుగా కనిపించాయి. రెండిమ్మన్నాను. ప్రాణమున్న దాన్ని జోడిగా కొనడం మా ఇంటి అలవాటు. మా బాపు ఎడ్లను అట్లాగే కొనేవాడు.

దుకాణం నరేష్ నెత్తి గోక్కున్నాడు. అవి గుంపులో ఉంటే వాటిలో అవే కరుచుకుంటాయట, రెండే వేస్తే పక్కదాని మీద పడతాయట, పొడుగు రెక్కల చేప దగ్గర అసలే వేయొద్దట. ఒకసారి ఎనిమిది కొనమంటాడు, ఒకసారి వద్దే వద్దంటాడు. నాకే చెప్తున్నాడా అని రెండే పట్టుకొచ్చాను.

మూడోరోజుకు ఏంజెల్ రెక్కల అంచులు పీలికలైనాయి. కడుపు నిండితే కొరకవని మేత ఎక్కువ వేశాను. నీళ్ళు కంపు కొట్టాయి తప్ప ఆ రెండింటి నోరు ఆగలేదు. నేను షాపులో ఉండగా మా అవ్వ నాగవ్వ వైద్యం మొదలుపెట్టింది. ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. గుప్పెడు పసుపు తెచ్చి తొట్టిలో పోసింది. వచ్చి చూస్తే చేపలు పప్పుచారులో ఈదుతున్నాయి. నీళ్ళన్నీ ఎత్తిపోసేసరికి నా నడుం పోయింది. నేను అరిస్తే, మన చేనులో పండిన పసుపు ఎవరికి చెడు చేసిందని ఆమె అలిగి అన్నం మానేసింది. చేపకొక సేవ, అవ్వకొక సేవ.

ఇది చాలదన్నట్టు ఆదివారం ఆదివారం శృతి వీడియో కాల్. చేప సంగతి అడగడం, ఆ వెంటనే తన గోస చెప్పుకోవడం. గదిలో మిగిలిన ఇద్దరూ చిన్నప్పటి నుంచి దోస్తులట. పక్క మీద నీళ్ళు పోస్తారట, నోట్సు దాస్తారట. గది మార్పించమని బతిమాలేది. ఎప్పుడు చూసినా చున్నీ తలమీదుగా కప్పుకొని మాట్లాడేది. జలుబేమో అనుకున్నాను. నాలుగు ఆదివారాలూ నా జవాబు ఒక్కటే.

"సర్దుకోవాలె బిడ్డా. నలుగురిల ఉన్నంక గిట్లనే ఉంటది."

ఇక్కడ ఒక బార్బును బకెట్‌లోకి తీసేశాను, సగం పీడ పోతుందని. పోలేదు. మిగిలిన ఒక్కటీ పొద్దంతా ఏంజెల్ తోకనే పట్టుకుంది. ఐదో ఆదివారం చూసేసరికి ఏంజెల్ మూలకు ఒరిగిపోయి ఎగపోస్తోంది, తోక సగం లేదు. నా ఒళ్ళు మండింది. మామిడికాయ తొక్కు పెట్టే పెద్ద గాజుసీసా కడిగి, ఏంజెల్‌ను అందులోకి మార్చి, గాలి పైపు పెట్టాను. అప్పుడే ఫోను మోగింది.

ఒట్టు తప్పినవాడిలా సంజాయిషీ చెప్పుకున్నాను. రెక్కలు మళ్ళీ మొలుస్తాయట, ఎంత చూసినా ఆ దొంగది వదల్లేదు, అందుకే దీన్ని పక్కకు తీశానని.

"చేపనైతే పక్కకు తీస్తివి బాపు. నన్నేమో సర్దుకోమంటివి."

తలమీది చున్నీ తీసింది. జడ భుజం దగ్గరే ఆగిపోయింది, చివర ఎగుడుదిగుడుగా ఉంది. పండుకున్నప్పుడు కత్తిరించారంది. ఎప్పుడని అడిగితే, మొదటి వారమేనంది. షాపు తెరవకుండా అప్పటికప్పుడు బస్సెక్కాను.

వార్డెన్ నేను చెప్పిందంతా విని, ఆడపిల్లల మధ్య ఇవన్నీ మామూలేనంది. సర్దుకోవాలంది. నా మాటే నాకు తిరిగొచ్చింది.

"సర్దుకోదు మేడం," అన్నాను. "గది మారుస్తరా, ఇంటికి తీస్కపోవాల్నా? ఏదో ఒకటి తేలేదాక నేన్ ఈడికెళ్ళి కదల."

శృతి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. చున్నీ తల మీద లేదు.