పార్వతీబాయి పట్టిన పాలు

పార్వతీబాయికి అనుమానం పుట్టిందంటే అది ఉత్తగ పోదు. ఇంట్ల ఒక చెంచా కనపడకపోతె ముందుగాల పక్కింటోళ్ళ మీద, తర్వాత కోడలి మీద, ఆఖరికి గోడ మీది పిల్లి మీద పెడ్తది. అదే చెంచా తన కొంగు కిందనే దొరికితె "ఎవరో భయపడి తెచ్చి పెట్టిన్రు" అంటది. అసొంటి మనిషికి సొంత మనుమరాలు పాలు తాగుడు బంద్ చేస్తె ఇగ ఊకుంటదా?

మనుమరాలి పేరు ఆరోహి. మూడో నెల నడుస్తున్నది. పిల్ల పుట్టినంక తల్లి తృప్తికి జరమొచ్చి చానా రోజులు దవాఖానలనే ఉన్నది, పాలు పడలే. అందుకని మొదటి సంది డబ్బ పాలే, సీసతోనే. దవాఖానల ఉన్నప్పుడు గూడ పక్కలనే పండవెట్టుకోని, ఇన్నొద్దులు తృప్తే పట్టింది. పిల్ల గుటగుట తాగి, మూతికి నురుగు ఉండంగనే కండ్లు మూసేది. ఈ సోమవారం తృప్తి మళ్ళ యూనిఫారాలు కుట్టే కార్ఖానకు పోవుడు షురు చేసింది. "నేనుండంగ నీకేం ఫికరే? ముగ్గురిని పెంచిన చేతులివి" అని ఎగేసి పంపింది పార్వతీబాయే. ఆ ముచ్చట భవాని పేట్ గల్లీల నలుగురికి చెప్పుకున్నది గూడ.

ఆ మధ్యాహ్నమే పిల్ల ఆమె పరువు తీసింది. సీస పెదవికి తాకంగనే మొఖం తిప్పుకున్నది. మళ్ళ పెడితె ఈపు వంచి, పిడికిళ్ళు బిగబట్టి, గల్లీ అంత వినపడేటట్టు ఏడ్సింది. ఆకలి లేదేమో అనుకున్నది పార్వతీబాయి. కొంచెం ఆగి మళ్ళ పట్టింది. అదే ఏడుపు. సాయంత్రం తృప్తి వచ్చి, చేతులు మొఖం కడుక్కోని, కొత్తగ పాలు కలిపి పడితె ఒక్క బొట్టు మిగల్చకుంట తాగింది.

"చూసిన్రా అత్తమ్మా, ఎంత ఆకలి మీదున్నదో" అన్నది తృప్తి. మెల్లగ ఇంకో మాట గూడ అన్నది. "పట్టేముందు చేతులు సబ్బుతోని మంచిగ కడుక్కోరి."

ఇగ చూడు! పార్వతీబాయి ఇల్లు పీకి పందిరేసింది. "నా చేతులు గలీజ్ చేతులా? నీ మొగన్ని పెంచింది ఈ చేతులు కావా? పొద్దున లేస్తె తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి ఈ ఇల్లు నిలబెట్టింది ఏ చేతులే?" అన్నది. కొడుకు వీరేష్ అప్పుడే పవర్‌లూమ్ మీదికెల్లి దిగి వచ్చిండు. అమ్మ మొఖం చూసిండు, పెండ్లాం మొఖం చూసిండు, కంచం ముందటేసుకున్నడు. ఆయనంతే, మగ్గం సప్పుడుకు అలవాటైన చెవులు, ఇంట్ల సప్పుడు ఎక్కదు.

మరునాడు అదే కథ. ఆ మరునాడూ అదే. పొద్దున తల్లి పడితె తాగుడు, పగలంత నానమ్మ పడితె ఏడ్సుడు, సాయంత్రం మళ్ళ తల్లి పడితె తాగుడు. పార్వతీబాయి బీడీల చేట ముందటేసుకోని కూసున్నదే గాని మనసు చేట మీద లేదు. ఏదో జరుగుతున్నది. ఎవలో చేస్తున్నరు. పసిపోరికి ఎవలతోనన్న పగ ఉంటదా?

ముందుగాల పాలపొడి డబ్బ మీద పడ్డది. కొత్త దుకాణంల తెచ్చిన్రు గదా, నకిలీదేమో. పాలు చెంచల పోసుకోని తాగి చూసింది, తియ్యగనే ఉన్నది. సీస మూతికుండే రబ్బరు పీకను గూడ తన నోట్ల పెట్టుకోని చప్పరించింది. ఏం రుచి లేదు, ఏం వాసన లేదు. సీసల తప్పు లేదంటె తప్పు మనుషులల్ల ఉన్నట్టే గదా, అనుకున్నది.

మనుషులంటె ఎవలు? పక్కింటి లలిత యాదికొచ్చింది. లలిత ఇంట్లనే మిషను పెట్టుకోని తువ్వాళ్ళ అంచులు కుడ్తది. పెండ్లయి ఏండ్లు గడిచినయి, పిల్లలు లేరు. సోమవారం పొద్దున ఆమెనే గదా వచ్చి, పిల్ల బుగ్గ పట్టుకోని, "ఎంత బొద్దుగున్నదమ్మా నా బంగారు" అన్నది! పార్వతీబాయి ఎండు మిరపకాయలు, ఉప్పు గుప్పిట పట్టి పిల్ల చుట్టు తిప్పి పొయ్యిల ఏసింది. మిరపకాయలు మాడిపోయినయి గాని ఘాటు రాలే. ఒక్కళ్ళకు గూడ దగ్గు రాలే. దిష్టి గట్టిగ తాకితెనే గట్లయితదని ఎవలకు తెలువది?

మధ్యాహ్నం పిల్ల ఏడుపు విని లలిత మెడల టేపుతోనే ఉరికొచ్చింది. "ఏమాయె పెద్దమ్మా, బాళ గట్లేడుస్తాంది?"

పార్వతీబాయి తలుపు సగం మూసి అడ్డం నిలబడ్డది. "కడుపు పండనోళ్ళ కండ్లు మంచియి గావు లలితా. మా పిల్ల పాలు తాగేదాక ఇటు రాకు."

లలిత వెనక్కి తిరిగి పోయింది. చానాసేపటిదాక ఆమె ఇంట్లకెల్లి మిషను సప్పుడు రాలే. పార్వతీబాయి దాన్ని గూడ అనుమానంగనే విన్నది. తప్పు చేసింది గాబట్టే గప్‌చుప్ అయింది అనుకున్నది.

దిష్టి తీసినంక పిల్ల తాగాలె గదా, తాగలే. గురువారం తృప్తి సగం పూట సెలవు పెట్టి పిల్లను డాక్టర్ కాడికి తీస్కపోయింది. డాక్టరమ్మ నోట్ల లైటేసి చూసింది, చెవులు చూసింది, తూకం ఏసింది. జరం లేదు, నోట్ల పుండ్లు లేవు, బరువు మాత్రం పెరగలే అన్నది. బలవంతంగ నోట్ల కుక్కొద్దని, ఉచ్చ పోసుడు తగ్గినా, పిల్ల డీలాగ పడినా ఎంబడే తీస్కరావాలెనని చెప్పింది. ఇంటికొచ్చినంక తృప్తి పిల్లను ఒళ్ళె పెట్టుకోని, అత్త దిక్కు చూడకుంట అన్నది. "రేపు గూడ పగలు తాగకపోతె నేను ఆరోహిని నీలం నగర్‌ల మా అమ్మ కాడ పెడ్త అత్తమ్మా. పొద్దున ఇడిచి సాయంత్రం తెచ్చుకుంట."

పార్వతీబాయి గుండెల రాయి పడ్డది. ఇయ్యాల పొద్దున ఇడుస్తమంటరు, రేపు రాత్రి గూడ ఆడనే అంటరు, ఎల్లుండి తల్లి గూడ ఆడికే పోతది. ఈ ఇంట్ల ఇగ పసిపిల్ల సప్పుడు ఉండది. పిల్ల లేకపోతె తనకేమున్నది, తునికాకు కట్ట తప్ప? అప్పుడే ఇంకో అనుమానం లేచి కూసున్నది. ఆగు ఆగు. ఇదంత ఈమె పనే గాదు గదా? తల్లి పడితె తాగుతది, నేను పడితె తాగది. పాలు కలిపి పెట్టి పోయేది ఎవలు? ఈమెనే. పిల్ల తల్లిగారింటికి పోతె లాభం ఎవలకు? ఈమెకే. పిల్లి కండ్లు మూసుకోని పాలు తాగితె లోకం చూడదనుకుంటదట!

శుక్రవారం పొద్దున పార్వతీబాయి తనే సీస కడిగి, తనే పీక బిగించి, తనే మూత పెట్టింది. "నల్లకాడికి పోయొస్త" అని బిందె చంకన పెట్టుకోని బయటికి పోయింది. నాలుగడుగులేసి, బిందె మెట్టు మీద పెట్టి, చప్పుడు కాకుంట వెనక్కొచ్చి తలుపు సందులకెల్లి లోపటికి చూసింది.

తృప్తి కిటికీలకెల్లి నల్ల దిక్కు ఒకసారి తొంగి చూసింది. సీస చేతులకు తీసుకున్నది. పార్వతీబాయి బిగించిన పీకను ఊడదీసి, ముక్కు కాడ పెట్టుకోని మొఖం చిట్లించింది. దాన్ని పక్కకు పెట్టి, తన సంచిలకెల్లి తెల్ల బట్టల చుట్టిన ఇంకో పీక తీసి సీసకు బిగించింది.

"దొరికినవే దొంగ!" పార్వతీబాయి తలుపు తోసుకోని లోపటికి వచ్చింది. "ఏం పూస్తున్నవే దానికి? వేపాకు రసమా, కాకరకాయ రసమా? నా చేతుల పిల్ల తాగొద్దని ఇంత కుట్రనా?"

తృప్తి ఉలిక్కిపడ్డది గాని చేతులున్న సీస కింద పెట్టలే. "నేనేం పూస్తలేనత్తమ్మా. పూసింది తీస్తున్న."

"ఎవలు పూసిన్రు? ఆ లలితనా?"

తృప్తి తల వంచి పీకను ఇంకింత గట్టిగ బిగించింది.

"చెప్పవేందే? బిడ్డ మీద ఒట్టేసి చెప్పు!"

"మీరే అత్తమ్మా" అన్నది తృప్తి. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "మీ చేతుల తంబాకు. నిన్న డాక్టర్ కాడికి పోయేటప్పుడు పీకను నేను నోట్ల పెట్టుకోని చూసిన, విషమంత చేదు. ఎట్ల చెప్పాలె మీకు? మొదటి రోజు సబ్బు అంటెనే ఇంట్ల అగ్గి పుట్టె."

"అబద్ధం! నేను గూడ నోట్ల పెట్టుకోని చూసిన. ఏం లేకుండె!"

"మీకెట్ల తెలుస్తదత్తమ్మా? పొద్దున లేస్తె పండ్లకు మిశ్రీ, పగలంత తంబాకు దుమ్ము. మీ నాల్కకు అది నీళ్ళ లెక్క."

పార్వతీబాయి నమ్మలే. ఎందుకు నమ్ముతది? పొద్దున లేచి, కాల్చిన తంబాకు పొడి పండ్లకు రుద్దుకోనిది ఆమెకు తెల్లారినట్టే ఉండది, అంత మాత్రాన నాల్క చచ్చిపోతదా? ఇది గూడ నాటకమే అనుకున్నది. తొట్టెల కాడికి పోయింది. ఆరోహి పైకి చూసి కాళ్ళు కొట్టుకుంట నవ్వుతున్నది. పార్వతీబాయి వంగి, పాలు లేవు, సీస లేదు, ఉత్త చూపుడు వేలు పిల్ల పెదవి దగ్గరికి తీస్కపోయింది. పిల్ల నవ్వు ఆగిపోయింది. ముక్కు ముడిచి, మొఖం గోడ దిక్కు తిప్పి, ఏడుపు అందుకున్నది.

పార్వతీబాయి వేలు వెనక్కి తీసుకోని దాని దిక్కే చూసింది. గోరు సందుల గోధుమ రంగు. ఇంకొకళ్ళను అనుమానపడుదామంటె ఇగ ఎవలు మిగల్లే.

"మీరు కావాలెనని చెయ్యలే, నాకెరుక" అని తృప్తి సంచి భుజానికేసుకున్నది. "ఈ రోజుకు పీకను మీరు ముట్టకుంట పట్టి చూడుండ్రి. తాగకపోతె మాత్రం రేపు నీలం నగరే."

తృప్తి పోయినంక పార్వతీబాయి బీడీల చేటను అటక మీద పెట్టింది. చేతులు సబ్బుతోని కడిగింది. నిమ్మకాయతోని రుద్దింది. చింతపండుతోని రుద్దింది. గిన్నెలు తోమే పీచు పెట్టి తోలు ఎర్రగయ్యేదాక గీకింది. నలభై ఏండ్ల తంబాకు ఒక్క పూటల పోతదా తల్లీ! పిల్ల లేచే యాళ్ళకు పాలు కలిపి, పీక మీద వేలు పడకుంట ఒళ్ళెకు తీసుకున్నది. ఆరోహి ఆ చీర, ఆ చేతుల వాసనకే మెడ వెనక్కి విరిచింది. ఆకలికి పిడికిలి చప్పరిస్తది, సీస దగ్గరికొస్తె అరుస్తది. ఏడ్సి ఏడ్సి పిల్ల గొంతు బొంగురు పోయింది.

"నా తల్లివి గదా, ఒక్క బుక్క తాగు. నీ కాళ్ళు మొక్కుత" అని బతిమాలింది పార్వతీబాయి. పసిపిల్లకు బతిమాలుడు ఏం తెలుస్తది! చేట ముట్టని చేతులు ఈ గల్లీల ఎవలకున్నయని ఆలోచన చేసింది. ఎదురింటామె బీడీలే, చివరింటామె బీడీలే. గోడ అవుతల మిషను టకటకమంటున్నది. ఆ సప్పుడు వినుకుంట చానాసేపు కూసున్నది. పోవుడా, వద్దా? ఏ మొఖం పెట్టుకోని పోవాలె? ఆరోహి మళ్ళ ఏడ్సింది, ఈసారి సప్పుడు గూడ సరిగ రాలే. పార్వతీబాయి పిల్లను ఎత్తుకోని, సీస కొంగుతోని పట్టుకోని లేచింది.

లలిత తలుపు తీసి, పిల్లను చూసి, పార్వతీబాయిని చూసింది. రమ్మనలే, పొమ్మనలే.

"పిల్లకు పాలు పట్టు లలితా" అన్నది పార్వతీబాయి.

"నేనా?" అన్నది లలిత. "కండ్లకు గంతలు కట్టుకోని పట్టాల్నా పెద్దమ్మా?"

పార్వతీబాయి తల వంచుకున్నది. ఆమె జన్మల ఎవలకూ అనని మాట నోట్లకెల్లి రావాలె, రాకపోతె పిల్ల ఉపాసముండాలె. "నీ కండ్లు కాదు బిడ్డా, నా చేతులు. నా చేతుల తంబాకే చేదు పెట్టింది. నేను నిన్నన్నది పాపపు మాట. నన్ను తిట్టు, కొట్టు, పిల్లకు మాత్రం పాలు పట్టు."

లలిత తిట్టలే. చేతులు కడుక్కోనొచ్చి పిల్లను తీసుకున్నది. సీస ఎంబడే పెట్టలే. పిల్లను భుజానికేసుకోని అటు ఇటు తిరిగింది, తువ్వాళ్ళ కుప్ప మీద కూసున్నది, ఏదో గొణిగింది. పిల్ల ఏడుపు సన్నబడినంక పీకను పెదవికి ఆనించి ఊకున్నది. ఆరోహి మొఖం తిప్పుకున్నది. లలిత సీస వెనక్కి తీసి, కొంచెం ఆగి, మళ్ళ ఆనించింది. పిల్ల ఒక చుక్క చప్పరించింది. అనుమానంగ ఆగింది, అచ్చం నానమ్మ లెక్కనే. ఇంకో చుక్క చప్పరించింది. తర్వాత రెండు చేతులతోని సీసను పట్టుకున్నంత పని చేసి గుటగుట తాగుడు మొదలుపెట్టింది.

పార్వతీబాయి గోడకు ఆనుకోని, ఏడ్సుకుంట చూసింది. పోయి పిల్ల పాదం ముట్టుకుందామనుకున్నది, చేతులు కొంగుల దాచుకున్నది.

సీస ఖాళీ అయింది. లలిత పిల్లను భుజం మీద ఏసుకోని ఈపు తట్టింది, త్రేన్పు వచ్చేదాక తట్టింది, ఆ తర్వాత గూడ కొద్దిసేపు తట్టింది. ఆఖరికి పిల్లను తెచ్చి పార్వతీబాయి చేతులల్ల పెట్టింది.

"పగటి పాలు నేను పడ్త పెద్దమ్మా. తృప్తి వచ్చేదాక ఎన్నిసార్లయినా పడ్త" అన్నది. "కాని మీ ఇంటికి నేను రాను. పిల్లను మీరే తీస్కరావాలె."

"తెస్త బిడ్డా" అన్నది పార్వతీబాయి.

లలిత మిషను ముందట కూసోని దారం సూదిల ఎక్కించుకున్నది, మళ్ళ ఆమె దిక్కు చూడలే.