తాడు మీది సూపర్‌వైజరు

అబద్ధం ఆడటం ఒక ఎత్తు, దాన్ని రెండేళ్లపాటు ఇంట్లో పెట్టుకుని పోషించడం మరో ఎత్తు. పెద్ద పెద్ద భవనాలకు తాడు మీద వేలాడుతూ కిటికీ అద్దాలు తుడిచే మన అద్దాలాయన ఆ రెండో పని కూడా శుభ్రంగానే చేస్తున్నాడు. ఒకసారి ఆయన వేలాడుతుండగా పెళ్లాం కింద నుంచి చూసి, మూడు రోజులు ముద్ద దిగక మంచం పట్టింది. అప్పుడు చెప్పాడు, తనను సూపర్‌వైజర్ని చేశారనీ, ఇక కింద నిలబడి అజమాయిషీ చేయడమేననీ. ఆమె నమ్మి లేచి కూర్చుంది. ఆయన మర్నాడే పద్నాలుగో అంతస్తు నుంచి తాడు మీద దిగాడు.

అంతా సాఫీగా పోతుండగా బావమరిది వచ్చి కొంప ముంచాడు. వాడికీ బావకీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. కొత్తగా బీమా ఏజెంటైన ఆ మహానుభావుడు, అక్క చెప్పింది చెప్పినట్టు ప్రమాద మరణ బీమా ఫారం చాలావరకు నింపేసి, సంతకం కోసం తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు.

"కింద పడినా, బండి గుద్దినా, కరెంటు షాకు కొట్టినా డబ్బొస్తుందక్కా."

"గుండెపోటుతో పోతే?"

"రాదు. అది జబ్బు, ప్రమాదం కాదు. దానికి వేరే పాలసీ."

"తాగి బండి నడిపి పోతే?"

"రాదు. తనంతట తనే పోయినా రాదు."

"ముందు గుండెపోటొచ్చి, తర్వాత మెట్ల మీంచి పడితే?"

వాడు తల గోక్కున్నాడు. "ఏది చంపిందో డాక్టరు చెప్పాలి."

కూరగాయలు ఏరినట్టు అక్క ఒక్కో చావూ ఏరుతుంటే, చచ్చేవాడు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న సంగతి ఇద్దరికీ పట్టలేదు. తాను పోవడానికి ఇన్ని దారులున్నాయని అద్దాలాయనకూ అప్పుడే తెలిసింది.

"అన్నిటికన్నా ముఖ్యం, చేసే పని దాచకూడదు. ఎత్తు మీద పనిచేసేవాడు కింద పని అని రాయించుకుంటే, పడినప్పుడు పైసా ఇవ్వరు. మన బావకి ఆ బెడద లేదులే. సూపర్‌వైజరని రాశాను."

అద్దాలాయనకు టీ పొలమారింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం ఆయన. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"ఒకవేళ ఆ సూపర్‌వైజరు, ఊరికే చూడ్డానికని, ఒక్కసారి పైకెక్కితే?"

"ఎన్నోసారి?" అంది పెళ్లాం.

సంతకం గీకేస్తే గొడవ లేదు. కానీ రేపు కాలు జారితే ఆమె ఈ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి ఉత్త చేతులతో ఇంటికి రావాలి. నిజం చెబితే మళ్లీ ముద్ద దిగదు. పద్నాలుగు అంతస్తుల మీద ఏనాడూ పుట్టని భయం కుర్చీలో కూర్చున్నవాడికి పుట్టింది. పెన్ను పక్కన పెట్టాడు.

"సూపర్‌వైజరు కొట్టెయ్యరా. తాడు మీద పని అని రాయి. రోజూ ఎక్కుతూనే ఉన్నాను."

ఆమె ఫారం తమ్ముడి వైపు తోసి, రాయమన్నట్టు చూసింది. వాడు పని మార్చి రాశాడు. మనిషి పోతే డబ్బు ఎవరికివ్వాలన్న గడిలో అక్క పేరు రాయబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నా పేరొద్దు. నీ పేరు రాసుకో."

"నాదెందుకక్కా?"

"నాకొస్తుందంటే ఈయన నిశ్చింతగా వేలాడతారు. నీకొస్తుందని తెలిస్తే చచ్చినా పడరు."

నవ్వుతూనే అంది గానీ, తమ్ముడు తన పేరే రాసుకునేదాకా అక్కణ్ణించి కదల్లేదు. మర్నాడు అద్దాలాయన తాడు ముడిని మూడుసార్లు లాగి చూసుకుని దిగాడు.