నరాల గది ముందర

మా ఎమ్మిగనూరులో మనిషికి నరం ఒకటే ఉంటుంది. అది యాడుంటుందో ఎవురూ నోరు తెరిచి చెప్పరు. ఆదోని రోడ్డు పొడుగునా గోడల మీద మాత్రం ఇంతింత అక్షరాలతో రాసి పెట్టినారు: "నరాల బలహీనతా? సిగ్గు విడవండి. ప్రతి మంగళవారం లాడ్జిలో కలవండి." ఆ గోడలు చదివే పెద్దోళ్ళయిన జనం మేము. మాకు డాక్టర్లతో ఏం పని?

నాకు నిఖా కుదిరిన ముస్తాక్ ఆదోనిలో కటింగ్ మాస్టరు. పొద్దున కత్తెర పట్టినాడంటే సాయంత్రానికి నలభై చొక్కాల గుడ్డ కోసి పెట్టేవాడు. ఆ కుడిచేతికి తిమ్మిరి పట్టింది. వేళ్ళల్లో చీమలు పాకినట్లుంటాందని కర్నూలుకు పోయినాడు. ఆడ డాక్టరు మణికట్టు కాడ చిన్నగా కరెంటు పెట్టి, బొటనవేలి కింద కండలో సన్న సూది గుచ్చి, నరం కండకు కబురు సరిగ్గా పంపుతాందా లేదా అని మిషన్లో చూసినాడు. మణికట్టులో నరం నొక్కుకుపోయిందని, కండ అప్పుడే సగం ఎండిందని, రెండు నెలల్లోపల చిన్న ఆపరేషన్ చేసుకుంటే చెయ్యి దక్కుతుందని చెప్పినాడు.

ఆ గది తలుపు మీద 'నరాల పరీక్ష' అని బోర్డు ఉండె. దాని కింద బెంచీ మీద కూచున్న ముస్తాక్‌ను, నడుము నొప్పికని అదే ఆసుపత్రికి వచ్చిన ఉరుకుందప్ప చూసినాడు. ఉరుకుందప్పది ఆస్పరి ఊరు, మా నాయన అంగట్లోనే చీరలు కొంటాడు. ఆయప్ప నడుము వంగదు గానీ నాలుక యెట్లంటే అట్ల వంగుతుంది.

"గనీ అన్నా, నీకు కాబోయే అల్లుడు నరాల గది ముందర తలకాయ వంచుకోని కూచున్యాడప్పా. నాకెందుకులే అనుకుంటి. చెప్పకపోతే పాపమని చెప్తాండా," అన్యాడు మా నాయనతో. ఆ పాపభయంతోనే దావలో ఇంకా పదిమందికి చెప్పి వచ్చినాడంట.

మా నాయన అబ్దుల్ గనీ మరుసటి దినమే ఆదోనికి పోయినాడు. ముస్తాక్‌ను సంతలో ఎద్దును చూసినట్ల పై నుంచి కింది దాకా చూసినాడు.

"ఆరోగ్యమేనా నాయనా?"

"చేతి నరమే మామా."

"ఔలే. అందరూ చెయ్యే అంటారు."

పాపం ఆయప్ప రిపోర్టు తీసి చూపించినాడు. అదంతా ఇంగ్లీషు. దాంట్లో నర్వు, వీకు అనే రెండు మాటలు మా నాయనకు తెలుసు. ఇంకేం కావాల?

ఇంటి పక్క రుక్సార్ నన్ను చూసి, "ఏమే సాదియా, మంగళవారం లాడ్జికి తోడు పోవాలంటనే?" అని పండ్లికిలించింది. నాకు తల కొట్టేసినట్లయింది. ఫోను చేతిలోనే ఉండె. ముస్తాక్‌కు చేసి ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. సిగ్గుతో సచ్చి అడగలేదు.

ఆదోనిలో ముస్తాక్ తల్లి, మా అత్త సైదా బీ తెలివి ఇంకా గొప్పది. "ఇప్పుడు ఆపరేషనంటే ఆ నరమే కోసినారంటారు, సంబంధం పోతుంది. ముందర నిఖా కానీరా. చెయ్యి యాడికి పోతుంది, ఒంటికే ఉంటుంది గదా," అనింది కొడుకుతో. నిజమే, ఒంటికే ఉండాది ఇప్పటికీ.

నిఖా అయింది. అయిన వారం నుంచే వచ్చినోళ్ళంతా నా మొగం వదిలిపెట్టి కడుపు చూసి మాట్లాడేది మొదలుపెట్టిరి. నాలుగో నెలలో వాంతులైతే మా నాయన ఎమ్మిగనూరు బజారంతా మిఠాయి పంచినాడు. పరీక్షలో అల్లుడు ఫస్టు క్లాసులో పాసయినట్ల.

ఆ దినాల్లోనే ఒక పొద్దున ముస్తాక్ చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడతాంటే చూసినా. "ఏందప్పా ఇది?" అంటే అంతా చెప్పినాడు. డాక్టరు పెట్టిన రెండు నెలలు ఎప్పుడో దాటినాయి. "ఇప్పుడన్నా చేయించుకుంటా సాదియా," అన్యాడు.

ఇంతసేపూ వాళ్ళనూ వీళ్ళనూ ఆడిపోసుకుంటి గదా, ఇప్పుడు నా కత వినండి. "ఇప్పుడు నరాల ఆపరేషనంటే, కడుపులో బిడ్డ ఎవురిది అంటారు మా ఊర్లో. కాన్పయ్యేదాకా గమ్మునుండప్పా," అంటి. ఆయప్ప నవ్వి "సరేలే" అన్యాడు. నా మాట ఎప్పుడు కాదన్యాడు గనక!

కూతురు పుట్టింది. ముక్కు అచ్చం వాళ్ళ నాయనదే. ఊరు చల్లబడింది. పురుడు, నలభై దినాలు, పేరు పెట్టేది, అదీ ఇదీ అని ఇంకొన్ని నెలలు పోయినాయి. ఒక దినం పెండ్లికొడుకు కోటు గుడ్డ మీద కత్తెర జారిపోయింది. ముస్తాక్ పనిచేసే అంగడాయన మర్యాదగల్ల మనిషి, తిట్టలేదు. కత్తెర ఇంకొకరికిచ్చి, ముస్తాక్‌ను చొక్కాలు మడతపెట్టే కాడ కూచోబెట్టినాడు.

అప్పుడు అందరం బయలుదేరితిమి కర్నూలుకు. మా నాయన, మా అత్త, ముస్తాక్, బిడ్డను సంకనేసుకున్న నేను. డాక్టరు ముందు ఎడమచేతి కండలో సూది పెట్టి "బిగించు" అన్యాడు. మిషన్లో నుంచి చెనక్కాయలు వేయించినట్ల చిటపటా సద్దు వచ్చింది. బతికున్న కండ అట్లే అరుస్తుందంట. తర్వాత కుడిచేతికి పెట్టినాడు. "బిగించు," అన్యాడు. ముస్తాక్ మొగమంతా బిగించినాడు, మెడ నరాలు ఉబ్బినాయి. మిషన్ పలకలేదు. సూది జరిపి జరిపి నాలుగు చోట్ల చూసినాడు. యాడా ఏమీ లేదు.

"ఈ కండ ఇంక రాదు," అన్యాడు డాక్టరు పాత కాగితం తిప్పుతా. "రెండు నెలల్లో రమ్మని రాసిచ్చినాను. రెండేండ్లకు వస్తారా? ఎవరాపినారు?"

మా అత్త మా నాయనను చూసింది. మా నాయన ఫ్యానును చూసినాడు.

"ఎవురూ ఆపలేదు సార్," అన్యాడు ముస్తాక్. "నాకే సూదంటే భయం."

"మగోడివేనా నువ్వు? సూదికి భయపడి చెయ్యి పోగొట్టుకుంటివా?" అని డాక్టరు కసురుకున్యాడు.

మా నాయన ఔనౌనని తలకాయ ఊపినాడు. నేను ఏడ్వని బిడ్డను సముదాయిస్తా కూచుంటిని.